వంక పక్కన ఆవుల ఫారం, దిగువన చిన్నత్త బావి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. మా ఆయన బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి ఆవుల ఫారం పెట్టారు. ఇప్పుడు 36 సీమావులున్నాయి. భూమి నాలుగెకరాలు, అందులో రెండెకరాలు నేపియర్ గడ్డి. కొట్టం వంకకి ఆనుకునే ఉంది. రెండు పూటలా పైపు పెట్టి కడిగిన నీళ్ళు వానాకాలంలో వంకలోకి పోతాయి. ఎండాకాలంలో వెనకాల తవ్విన గుంతలోకి వదుల్తారు. ఎంత వదిలినా ఆ గుంత నిండదు, ఇంకిపోతుంది. వంక దిగువన మా చిన్నత్త వాళ్ళ బావి ఉంది. కొన్ని నెలలుగా బావి నీళ్ళు వాసనొస్తున్నాయని ఆమె అంటోంది. మొన్న తొలి వానకి చెరువులో చేపలు కూడా తేలాయి. ఊరంతా మా వైపే చూపిస్తోంది. మా ఆయనేమో "పేడతో ఇల్లు అలుక్కుంటాం, పంచితం తీర్థంలా తీసుకుంటాం, వాటితో నీళ్ళు చెడతాయా? ఓర్వలేక అంటున్నారు" అంటారు. చిన్నత్త మాతో మాటలు మానేసింది. నాకు మూడు నెలల పాప. నా పాలు చాలక డబ్బా పాలు కూడా పడుతున్నాను. మా బోరు నీళ్ళు పది నిమిషాలు బాగా మరగబెట్టే కలుపుతున్నాను. ఇందులో ఎవరి మాట నిజం? ఫారం ఎత్తేయాల్సిందేనా?
— ఒక సోదరి, చిత్తూరు జిల్లా

సమాధానం:

అమ్మా, ఫారం సంగతి తర్వాత, ముందు పాప సంగతి చూద్దాం. ఇది చదవగానే ఆ బోరు నీళ్ళతో పాపకి పాలు కలపడం ఆపండి. పరీక్ష చేయించి, నీళ్ళు మంచివని కాగితం చేతికొచ్చేదాకా మళ్ళీ మొదలుపెట్టొద్దు.

మరగబెడుతున్నాను కదా అంటారు. మరగబెడితే క్రిములు చస్తాయి. కానీ పశువుల కొట్టం దగ్గరి నీళ్ళలో భయపడాల్సింది క్రిములకి ఒక్కటే కాదు, నైట్రేటుకి కూడా. పేడ, పంచితాల్లోని నత్రజని నేలలో మారి నీళ్ళలో కరిగే లవణం అది. ఉప్పునీళ్ళు కాస్తే ఉప్పు ఎక్కడికీ పోనట్టే, ఎంత కాచినా నైట్రేటు పోదు. పైగా నీళ్ళు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో అది చిక్కబడుతుంది. అంటే మీరు జాగ్రత్త అనుకుని చేస్తున్న పనే ఎదురు తిరుగుతోంది. బ్లీచింగ్ పౌడరు కలిపినా నైట్రేటు కదలదు. ఇంట్లో వాడుకునే ఫిల్టర్లలో ఆర్వో మాత్రం దాన్ని చాలావరకు తీసేస్తుంది. ప్రస్తుతానికి పక్క ఊరి నుంచైనా సరే, పరీక్ష చేసిన నీళ్ళు తెప్పించుకోండి. పాలపొడి కలపడానికి ఆ నీళ్ళనే కాచి చల్లార్చి వాడండి. ఆర్వో ప్లాంటు టిన్ను తెచ్చుకుంటే ఆ నీళ్ళూ ఒకసారి పరీక్షకి పంపండి, ఫిల్టరు ఎన్నాళ్ళుగా మార్చలేదో మనకేం తెలుసు.

ఆరు నెలల్లోపు పిల్లలకే ఈ పట్టింపు ఎందుకంటే, వాళ్ళ కడుపులో నైట్రేటు నైట్రైటుగా మారి రక్తంలో చేరుతుంది. అక్కడ ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు పెదవులు, గోళ్ళు నీలంగా, బూడిదరంగుగా కనిపిస్తాయి, బిడ్డ నీరసపడుతుంది. అలాంటిదేమైనా కనిపిస్తే పసరు మందులకీ దిష్టి తీయడానికీ కూర్చోకుండా వెంటనే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దానికి మందు ఉంది, సకాలంలో వెళ్తే తేరుకుంటారు. "డబ్బా పాలు కలిపే నీళ్ళు ఫారం పక్క బోరువి" అని డాక్టరుకి మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు. మీ చనుబాల గురించి దిగులు పడకండి. తల్లి తాగిన నీళ్ళలోని నైట్రేటు పాలలోకి అంతగా రాదు. కుదిరినంత మీ పాలే పట్టండి.

ఇప్పుడు ఎవరి మాట నిజమో చూద్దాం.

మీ ఉత్తరంలో నన్ను పట్టేసిన ముక్క ఒకటుంది: "ఎంత వదిలినా ఆ గుంత నిండదు, ఇంకిపోతుంది." అది మంచి గుణమని మీవాళ్ళు అనుకుంటున్నట్టున్నారు. రోజూ అన్ని వేల లీటర్లు పోస్తుంటే నిండని గుంత ఏదో ఒక చోటికి పోతున్న గుంతే. మన పశ్చిమ మండలాల్లో కింద ఉన్నది గ్రానైటు రాయి. పైన కొంత మొరం, దాని కింద పగుళ్ళు. మన బావులకీ బోర్లకీ నీళ్ళొచ్చేది ఆ మొరంలోంచి, ఆ పగుళ్ళలోంచే. పగులు ఎటు పోతే నీళ్ళు అటు పోతాయి. మట్టిలో మెల్లగా జల్లెడపట్టుకుంటూ దిగే అవకాశం తక్కువ. వానాకాలంలో వంక, ఎండాకాలంలో గుంత అని మీరు రెండు దారులు రాశారు, అవి రెండూ ఒకే చోటికి చేరుతున్నాయి.

పేడతో ఇల్లు అలుక్కుంటామని మీ ఆయన చెప్పిన మాట తీసిపారేయదగ్గది కాదు. ఆయన చూసిన ఇంట్లో ఒకటో రెండో ఆవులు ఉండేవి. వేరుశనగ కట్టె, వరిగడ్డి, గట్ల మీద పచ్చిగడ్డి తినేవి. పేడ దిబ్బకి, దిబ్బ నుంచి ఎద్దుల బండి మీద అదే చేనికి పోయేది. చేను ఇచ్చింది చేనుకే తిరిగి వచ్చేది. ఇప్పుడు మీ కొట్టంలోకి దాణా లారీలో వస్తోంది. మొక్కజొన్న ఒక జిల్లాది, పత్తిగింజల చెక్క ఇంకో జిల్లాది, సోయా మరో రాష్ట్రానిది. ఎక్కడెక్కడి పొలాల నత్రజనో మీ నాలుగెకరాల్లో దిగుతోంది. పాల రూపంలో బయటికి పోయేది అందులో నాలుగో వంతుకి కాస్త అటూఇటూ. తక్కినదంతా ఆవు వెనకనుంచి నేల మీద పడేదే. ఎక్కువ పశువుల్ని కొద్ది జాగాలో కట్టి మేపే పద్ధతికి ఉన్న అసలు చిక్కు ఇదే. ఇందులో ఆవు తప్పు లేదు, పేడ పవిత్రతకి వచ్చిన లోటూ లేదు.

పశువుల డాక్టరుగా పనిచేసినవాణ్ని, కాబట్టి ఒక లెక్క వేసి చూపిస్తాను. మీ ఆయన ఇంజనీరై ఉంటే దీన్ని నాకన్నా బాగా సరిచూసుకోగలరు. పాలిచ్చే సీమావు రోజుకి సుమారు 20 కిలోల పేడ వేస్తుంది, పది పన్నెండు లీటర్ల పంచితం పోస్తుంది. పేడలో ఒక 100 గ్రాముల నత్రజని, పంచితంలో ఇంకో 100 గ్రాములు ఉంటాయనుకుందాం. ఏడాదికి ఆవుకి 70 కిలోలు పైమాటే. 45 కిలోల యూరియా బస్తాలో ఉండే నత్రజని 21 కిలోలకి లోపే. అంటే ఒక్కో ఆవు ఏడాదికి మూడు బస్తాల యూరియాకి మించి కింద పోస్తోంది. 36 ఆవులకి నూట పాతిక బస్తాల దాకా! బస్తా రూ.266.50 లెక్కన చూస్తే 33 వేల రూపాయల సరుకు. నిజం చెప్పాలంటే పాల మీద వచ్చే ఆదాయం ముందు అది పెద్ద మొత్తమేమీ కాదు. పైపుతో కడిగి వదిలేయడమే తేలికని అందరికీ అనిపించేది అందుకే. యూరియా చవగ్గా దొరికినన్నాళ్ళూ పంచితాన్ని పట్టించుకునేవాడు తక్కువే.

అందరి కళ్ళూ పేడ మీదే ఉంటాయి, అది కంటికి కనిపిస్తుంది కాబట్టి. బావిని ఎక్కువగా చెడగొట్టేది పంచితం. పేడలోని నత్రజని చాలావరకు కుళ్ళితేగానీ కదలదు, పంచితంలోది యూరియా రూపంలోనే ఉంటుంది. అది కొన్నాళ్ళలోనే అమ్మోనియాగా, తర్వాత నేలలోని సూక్ష్మజీవుల చేతిలో నైట్రేటుగా మారుతుంది. నైట్రేటు మట్టిని అంటిపెట్టుకుని ఉండదు, నీళ్ళు ఎక్కడికి పోతే అక్కడికి పోతుంది. తాగేనీళ్ళలో నైట్రేటు లీటరుకి 45 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశపు ప్రమాణం. మీ 36 ఆవులు ఒక్కరోజు పోసిన పంచితంలోని నత్రజని మొత్తం నైట్రేటై నీళ్ళలో కలిస్తే, మూడున్నర లక్షల లీటర్ల మంచినీళ్ళని ఆ హద్దు దాకా తెస్తుంది. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 70. మొత్తం అలాగే పోదనుకోండి, కొంత అమ్మోనియాగా గాల్లో కలుస్తుంది (మీ కొట్టంలో పొద్దున్నే కళ్ళు మండేది దానికే), కొంత గడ్డి తాగుతుంది. సగంలో సగమే దిగినా రోజుకి పదిహేడు ట్యాంకర్లు. అదీ ఏడాది పొడవునా.

విదేశాల్లో వేల ఆవులు పెట్టి పెంచుతుంటే ఏమీ కాలేదు కదా అని కూడా మీ ఆయన అనొచ్చు, ఈ మాట నేను చాలామంది దగ్గర విన్నాను. న్యూజిలాండ్ సంగతి చెప్పండి. ఆంధ్రప్రదేశ్ జనాభాలో సుమారు పదోవంతు మంది ఉన్న దేశంలో పాడి ఆవులు 50 లక్షలకి దగ్గరగా ఉన్నాయి. అక్కడ కొట్టంలో కట్టేయడం తక్కువ, ఆవులు ఏడాదంతా పచ్చికలోనే తిరుగుతాయి. అయినా ఆవు పంచితం పోసిన ఆ జానెడు చోట హెక్టారుకి 500 నుంచి 1000 కిలోల నత్రజని వేసినంత ప్రభావం పడుతుంది. అంత నత్రజనిని ఏ గడ్డీ తాగలేదు. కాంటర్‌బరీ మైదానంలో గులకరాళ్ళ నేల గుండా అది దిగి బావుల్లో నైట్రేటు పెరిగింది, వాగుల్లో పాచి పేరుకుంది. 2021 నుంచి పచ్చిక మీద చల్లే రసాయన నత్రజని హెక్టారుకి ఏడాదికి 190 కిలోలు దాటకూడదని అక్కడి ప్రభుత్వం హద్దు పెట్టాల్సి వచ్చింది. ఐరోపా దేశాల్లో 1991లోనే చట్టం తెచ్చి, నైట్రేటు ముప్పున్న ప్రాంతాల్లో పశువుల ఎరువు నుంచి వచ్చే నత్రజనికి హెక్టారుకి 170 కిలోల హద్దు పెట్టారు. మన లెక్కలో చెప్పాలంటే ఎకరాకి సుమారు 69 కిలోలు, అంటే ఎకరాకి ఒక్క ఆవు! మీ దగ్గర ఎకరాకి తొమ్మిది.

చేపల సంగతి వేరు. అవి చచ్చింది బహుశా నైట్రేటుతో కాదు, ఊపిరాడక. పేడనీళ్ళు చెరువులో పడగానే వాటిని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు నీళ్ళలోని ప్రాణవాయువుని వాడేసుకుంటాయి. అమ్మోనియా దానికి తోడవుతుంది. తెల్లవారుజామున ప్రాణవాయువు ఎటూ తక్కువగానే ఉంటుంది, అప్పుడు చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తాయి, తెల్లారేసరికి తేలతాయి. వేసవంతా వంకలో ఎండి పేరుకున్నది తొలి వానకి ఒక్కసారిగా కొట్టుకురావడం వల్ల ఇలా జరుగుతుంది. ఇందులో పొదుగువాపు ఆవుల పాలు కూడా ఉంటే ఇంకా ఘోరం. మందు సూది వేసిన రోజుల్లో పాలు కేంద్రం తీసుకోదు కాబట్టి చాలామంది కాలవలోకి పారబోస్తారు. నీళ్ళలోని ప్రాణవాయువుని లాగేయడంలో పాలకి మించింది లేదు. ఊరి మురుగునీటి కన్నా కొన్ని వందల రెట్లు ఎక్కువగా లాగుతాయి. వాటిలోని యాంటీబయోటిక్ మందు కూడా వంకలో చేరుతుంది. ఆ పాలని దిబ్బలో గుంత చేసి పోసి, పైన ఎండు చెత్త కప్పండి.

ఇన్ని చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. చిన్నత్త బావిలో నైట్రేటు ఉన్నంత మాత్రాన అది మీ ఆవులదేనని తేలిపోదు. బావి పక్కన మరుగుదొడ్డి గుంత ఉందా? చుట్టూ టమాటా తోటలకి బస్తాలకి బస్తాలు యూరియా వేస్తున్నారా? వాటివల్లా నైట్రేటు వస్తుంది. అందుకని నాలుగు చోట్ల నీళ్ళు పట్టండి: మీ ఫారానికి ఎగువనున్న బావో బోరో ఒకటి, మీ బోరు, చిన్నత్త బావి, దాని దిగువన ఇంకొకటి. గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలలో నైట్రేటు, క్లోరైడు, క్రిములు మూడూ చూడమని అడగండి. క్రిముల పరీక్షకి సీసా వాళ్ళ దగ్గరే తీసుకోవాలి, ఇంట్లో కడిగిన కూల్‌డ్రింకు సీసా పనికిరాదు. పంచాయతీల్లో చేతి కిట్లు కూడా ఉంటాయి, సచివాలయంలో అడిగితే అక్కడికక్కడే నైట్రేటు రంగు చూసి చెప్తారు. అది మొదటి అంచనాకి చాలు, పాప విషయంలో మాత్రం ప్రయోగశాల కాగితమే నమ్మండి. ఎగువన తక్కువ, దిగువన ఎక్కువ వస్తే ఇక వాదించడానికేమీ ఉండదు. మీ బోరు నీళ్ళకి వాసన లేదు కాబట్టి మంచివే అనుకోవద్దు. నైట్రేటుకి రంగూ రుచీ వాసనా ఉండవు. చిన్నత్త బావిలో వాసన వస్తోందంటే నైట్రేటుతో పాటు కడుగునీళ్ళే నేరుగా ఊరుతున్నాయేమో అనుమానించాలి. ఆమె ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ వాడకూడదు.

చెయ్యాల్సిన పనుల్లో అన్నిటికన్నా చవకైనది పార. పైపు తిప్పకముందు పేడని పారతో, రబ్బరు చెక్కతో పొడిగా లాగేసి బండిలో వేసుకోవాలి. తర్వాత మిగిలింది కొద్ది నీళ్ళతో పోతుంది. మీవాళ్ళు ఇప్పుడు చేసేది నీళ్ళ ధారతోనే పేడని నెట్టడం అయ్యుంటుంది. పనివాళ్ళకి అదే సుఖం, కరెంటు ఉచితం, మోటారు ఆడుతూనే ఉంటుంది. కడుగునీళ్ళు ఎంత ఎక్కువైతే వాటిని పట్టి ఉంచడానికి అంత పెద్ద తొట్టి కట్టాలి, అంత దూరం మోయాలి, అంత తొందరగా పొంగుతుంది. పైపు కొసకి బిగించే తుపాకీలాంటి నాజిల్ ఒకటి దొరుకుతుంది, చెయ్యి తీస్తే నీళ్ళు ఆగిపోతాయి. పని చేసే మనిషి పైపు కింద పడేసి ఫోను మాట్లాడుకునే అరగంట అలా కలిసొస్తుంది.

రెండో పని కొట్టం కప్పుకి దోనెలు. 40 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు రేకుల కప్పు మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 37 వేల లీటర్ల నీళ్ళు దిగుతాయి. ఆ శుభ్రమైన నీళ్ళు పేడ కళ్ళంలో పడి, తొట్టి నింపి, పొంగించి, అన్నిటినీ తీసుకుని వంకలోకి పోతాయి. దోనె పెట్టి పక్కకి మళ్ళిస్తే అవి మంచినీళ్ళే, కావలిస్తే వాటితోనే ఆవుల్ని కడగొచ్చు. మనకి నవంబరు వానలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని తిరుపతి చుట్టుపక్కల పల్లెలు ఖాళీ చేయించారు. అలాంటి వానకి మీ పేడగుంత ఏమవుతుందో ఊహించుకుని తొట్టి కట్టండి.

ఆ తొట్టి సిమెంటుదైనా కావాలి, సేద్యపు కుంటల్లో పరిచే మందపాటి ప్లాస్టిక్ షీటు వేసిందైనా కావాలి. ఇప్పుడున్న మట్టి గుంతని పూడ్చేయండి. ఇంకుడు గుంత అనే మాట వినివిని అదేదో పుణ్యకార్యమని మనకి అలవాటైపోయింది. అది వాననీళ్ళకి. పంచితానికి ఇంకుడు గుంత తవ్వడమంటే బావిలోకి దారి తవ్వడమే. ఇంకొందరు ఎండిపోయిన బోరులోకి పైపు పెట్టి వదుల్తారు. మన దగ్గర ఎండిన బోర్లకి కొదవేముంది, వెయ్యి అడుగులు వేసి నీళ్ళు పడనివే ఊరికి పదుంటాయి. "ఎలాగూ వట్టిపోయింది కదా" అంటారు. మట్టి చేసే కొద్దిపాటి శుద్ధి కూడా లేకుండా నేరుగా రాతి పగుళ్ళలోకి ఎక్కించడం అది. మీరు రాయలేదుగానీ మీ ఫారంలో అలాంటిదుంటే ఈరోజే మూత బిగించండి.

గోబర్ గ్యాస్ పెడితే సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తే సగమే వినండి. 25 కిలోల పేడకి ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది. మీ వంటకి పోగా పాలక్యాన్లు కడిగే వేడినీళ్ళకి కూడా సరిపోతుంది, వాసన తగ్గుతుంది, తప్పకుండా పెట్టుకోండి. కానీ గ్యాసుగా పోయేది కార్బనే. లోపలికి వెళ్ళిన నత్రజని దాదాపు అంతా ప్లాంటులోంచి స్లర్రీగా, అంటే చిక్కటి పేడనీళ్ళుగా బయటికొస్తుంది, పైగా మొక్కకి (నీళ్ళకి కూడా) ఇంకా తొందరగా అందే రూపంలో. స్లర్రీని వంకలోకి వదిలితే మీరు ప్లాంటు కట్టి సాధించింది గ్యాసు పొయ్యి మాత్రమే.

మరి ఎక్కడికి పోవాలి? పొలానికి. ఎంత పొలానికి అన్నదే అసలు ప్రశ్న. ఐరోపా లెక్క మనకి అచ్చంగా వర్తించదు. అక్కడ చలికాలం పైరు ఎదగదు, మనకి నేపియర్ ఏడాదంతా పెరుగుతుంది, నెలా నెలన్నరకో కోత. హెక్టారుకి కోతకి 50 కిలోల చొప్పున వేసుకున్నా ఏడాదికి 300 పైన తాగుతుంది, ఎకరాకి 120, 140 కిలోలు. అంటే ఎకరా నేపియర్ రెండు ఆవుల ఎరువుని మోయగలదు. జాగ్రత్తగా చేస్తే మూడు. మీ రెండెకరాలు ఆరు ఆవులకి సరి. తక్కిన ముప్పై ఆవుల ఎరువుకి ఇల్లు వెతకాలి. పలమనేరు వైపు మల్బరీ తోటలు ఎన్ని లేవు! పట్టు రైతుకి మల్బరీకి హెక్టారుకి ఏటా 20 టన్నుల పశువుల ఎరువు వెయ్యమని సిఫారసు ఉంది, దాని కోసం వాళ్ళు ట్రాక్టర్లు పెట్టుకుని తిరుగుతుంటారు. మీ పేడ మాగితే ఏడాదికి 100 టన్నుల పైన ఎరువవుతుంది. పన్నెండు ఎకరాల మల్బరీకి పోతుంది. ప్లాస్టిక్ షీటు మీద దిబ్బ వేసి వానకి తడవకుండా కప్పి ఉంచితే కొనేవాడికి బరువు తక్కువ, మీకు ఊట తక్కువ. పంచితానికి ప్రకృతి సేద్యం చేసేవాళ్ళున్నారు. జీవామృతానికి నాటు ఆవుదే కావాలని కొందరు పట్టుబడతారు, పట్టుబట్టని వాళ్ళకివ్వండి. మిగిలింది నీళ్ళు కలిపి మీ గడ్డికీ, పక్కవాళ్ళ గడ్డికీ మడులు మార్చి మార్చి పెట్టండి. మబ్బు పట్టిన రోజు, వాన సూచన ఉన్న రోజు పెట్టొద్దు. వంక గట్టు వెంట కనీసం పది మీటర్లు ఏమీ పొయ్యకుండా గడ్డి మాత్రం పెరగనివ్వండి.

ఇక్కడ మీ ఆయన చెవికెక్కే మాట ఒకటుంది. ఒకే మడికి అదేపనిగా పేడనీళ్ళు పెడుతుంటే ఆ గడ్డిలోనే నైట్రేటు పేరుకుంటుంది. ముఖ్యంగా ఎండకి వాడి, వాన పడగానే చివురెత్తిన జొన్న, నేపియర్‌లలో. అది మేసిన ఆవులకి పసిబిడ్డకి వచ్చే జబ్బే వస్తుంది. ఎగపోత, తూలడం, రక్తం చాక్లెట్ రంగుకి తిరగడం, చూలు ఆవులు ఈసుకుపోవడం, అంటే గర్భం పోవడం. తాగే నీళ్ళలో కూడా నైట్రేటుంటే రెండూ కలుస్తాయి. ఊరివాళ్ళ మాట ఓర్వలేనితనం అనుకోవచ్చు, ఆవు ఈసుకుపోతే అలా అనుకోవడానికి లేదు.

దాణా కూడా చూసుకోమనండి. పాలు పెరుగుతాయని చెక్క మీద చెక్క పెట్టడం మన ఫారాల్లో మామూలు. అవసరానికి మించిన మాంసకృత్తులు పాలలోకి రావు, పంచితంలోకి పోతాయి. ఖర్చు మీది, నైట్రేటు చిన్నత్తది. జాతీయ పాడి అభివృద్ధి మండలి వాళ్ళ సమతుల దాణా లెక్క ఉంది. ఆవు బరువు, పాలు, వెన్న శాతం చెప్తే ఎంత పెట్టాలో వస్తుంది. మీ పాల కేంద్రం వాళ్ళనో, తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ళనో అడగండి. పలమనేరులో వాళ్ళ పశు పరిశోధన కేంద్రం మీకు దగ్గర కూడా.

చట్టం గురించి మీరు అడగలేదు, కానీ తెలిసుండాలి. హరిత ట్రిబ్యునల్ ఆదేశాల మీద కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో డెయిరీ ఫారాలకీ గోశాలలకీ మార్గదర్శకాలు ఇచ్చింది, 2021లో సవరించింది. పేడ, కడుగునీళ్ళు కాలవల్లోకీ చెరువుల్లోకీ వదలకూడదు. మీ అంత ఫారానికి 1974 నీటి కాలుష్య చట్టం కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. ఊరివాళ్ళు విసిగి ఆర్డీఓ దగ్గరికి వెళ్తే, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 152వ సెక్షన్ కింద బహిరంగ ఉపద్రవమని తొలగించమంటూ ఆయన ఉత్తర్వు ఇవ్వగలరు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వాళ్ళు కాగితం పట్టుకుని వచ్చేలోపు మీరే తొట్టి కట్టి, అనుమతికి దరఖాస్తు పెట్టుకుని ఉంటే మాట వేరుగా ఉంటుంది.

ఫారం ఎత్తేయాలా అన్నారు. అక్కర్లేదు. అయితే ఎరువు తీసుకునే పొలం ఎంత దొరుకుతుందో చూసుకోకుండా ముప్పై ఏడో ఆవుని కొనకండి. దొరక్కపోతే మందలో పాలు తక్కువిచ్చే వాటిని తగ్గించుకోవడమే దారి. అలాంటివి ప్రతి ఫారంలో నాలుగైదు ఉంటాయి, మేపుతున్నందుకే మేపుతుంటారు. కొట్టం వంకని ఆనుకుని ఉండటం మాత్రం నాకు నచ్చలేదు. ఇప్పటికిప్పుడు కదపలేరు, ఇంకో షెడ్డు వేసే రోజున పైగడ్డ మీద వెయ్యండి.

చిన్నత్త దగ్గరికి మీరు వెళ్ళండి, మీ ఆయనని తర్వాత తీసుకెళ్దురుగాని. పరీక్షకి సీసా నింపేటప్పుడు ఆమెనే చేదమనండి, కాగితం ఆమె ఇంటికే రానివ్వండి. ఫలితం వచ్చేదాకా ఆగకుండా రేపటినుంచే వాళ్ళింటికి తాగేనీళ్ళ టిన్ను మీ ఖర్చుతో వేయించండి. తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మీ ఆయన అంటారేమో. ఎగువనున్నవాడు దిగువవాడికి నీళ్ళ జవాబు చెప్పడం మన ఊళ్ళలో కొత్తగా వచ్చిన రివాజేం కాదు. ఒక్కటి మాత్రం ఆమెకి మాటివ్వకండి, వచ్చే ఏడాదికల్లా బావి బాగైపోతుందని. రాతి పగుళ్ళలోకి ఇప్పటికే దిగింది కొన్నేళ్ళపాటు ఊరుతూనే ఉండొచ్చు. వాసన, క్రిములు తొందరగా తగ్గుతాయి, నైట్రేటు మెల్లగా దిగుతుంది. ఆర్నెల్లకోసారి, వానలకి ముందూ తర్వాతా అవే నాలుగు చోట్ల పరీక్ష చేయించి అంకెలు ఒక పుస్తకంలో రాసుకోండి.

మొదటి నాలుగు అంకెలూ వచ్చాక నాకు రాయండి. మీ బోరు ఎన్ని అడుగులు, ఆ మట్టి గుంతకి ఎంత దూరంలో ఉందో కూడా రాయండి, అది ఈ ఉత్తరంలో లేదు. తొట్టి ఎంత కట్టాలో అప్పుడు లెక్క వేసుకుందాం.